వంతు ఎవరిది

మోటార్ వైండింగ్ షెడ్డు వెనక స్టోర్ రూమ్. తలుపుకి బయట గొళ్ళెం. లోపల అక్క, తమ్ముడు. గోడ గడియారంలో మూడున్నర.

“‘నేను తీయలేదు’ అను. అంతే. రెండే ముక్కలు. నోరు పడిపోయిందా నీకు?”

“అక్కా, ఆ కాయిల్ మీద కాలు పెట్టకు. వార్నిష్ ఇంకా ఆరలేదు.”

“వార్నిష్ తగలెయ్య! నేనడిగేదేంటి, నువ్వు చెప్పేదేంటి? నాలుగు చుట్టలు రాగి తీగ పోయిందట. నేనే తీశానని అందరి ముందూ ఒప్పుకున్నావట. మీ ఓనరు ఫోన్లో చెప్తే చేతిలో గిన్నె అక్కడే పడేసి వచ్చాను. సరుకెక్కడుందో నాలుగింటికల్లా చెప్పకపోతే పోలీసుల్ని పిలుస్తాడట.”

“నాకూ చెప్పాడు.”

“మరి చెప్పు. ఎక్కడ పెట్టావు?”

“నాకేం తెలుసు?”

“తీసినవాడివి, నీకు తెలీదా? ఇటు చూడు. నా మొహం చూసి చెప్పు. తీశావా?”

“లేదక్కా.”

“హమ్మయ్య. అమ్మయ్య. ఒరేయ్, తీయనివాడివి తీశానని ఎందుకన్నావురా?”

“నిలబెట్టారు.”

“ఆఁ?”

“వరసలో నిలబెట్టారక్కా. పదకొండు మందిమి. ఓనరు కుర్చీ వేసుక్కూర్చున్నాడు. దొంగ తేలేదాకా ఎవడూ మంచినీళ్ళకి కూడా కదలకూడదన్నాడు.”

“అంటే? నిలబెడితే ఒప్పేసుకోవడమేనా? మిగతా పదిమందికీ కాళ్ళు లేవా? వాళ్ళూ నిలబడ్డారుగా!”

“నిలబడ్డారు.”

“నువ్వూ నిలబడాల్సింది. ఇప్పుడు మాత్రం ఎందుకు నిలబడ్డావు? కూర్చో. అలా గుంజలా నిలబడితే నాకు ఊపిరాడ్డం లేదు.”

“పర్లేదులే.”

“కూర్చోరా బాబూ. నేనే చెప్తున్నా. కూర్చో.”

“ఆఁ. కూర్చుంటా.”

“పద్దెనిమిదేళ్ళయింది నువ్వు ఆ జువెనైల్ హోమ్‌లోంచి బయటికొచ్చి. ఇంకా ఎవరో ఒకరు చెప్తేగానీ కూర్చోవు. పెళ్ళి భోజనాల్లో ‘లేవచ్చాండీ’ అని మీ మామగారిని అడిగావు. అల్లుడికి ఎంత వినయమోనని ఆయన మురిసిపోయాడు. నేను వెళ్ళి కుళాయి దగ్గర ఏడ్చాను.”

“పాత గోలెందుకక్కా ఇప్పుడు?”

“పాతదైతేగా! మూడేళ్ళు ఉంచారు నిన్ను. ఆ మూడేళ్ళూ ఇంకా అయిపోలేదురా. ఇప్పటికీ కంచం చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని తింటావు. ఎవరు లాక్కుంటారు నీ కంచం? నీ కూతురా?”

“అది లాక్కుంటుంది. అప్పడం ఉంటే అస్సలు వదల్దు.”

“నవ్వకు. నవ్వావంటే లాగి ఒక్కటిస్తాను. నాలుగింటికి దాని బడి వదుల్తారు. గేటు దగ్గర నిలబడి నీ కోసం చూస్తుంది. ఎవరెళ్తారు? నీ పెళ్ళానికి ఆసుపత్రిలో డ్యూటీ, ఫోను లాకర్లో పడేసి ఉంటుంది. చెప్పు, ఎవరెళ్తారు?”

“నువ్వెళ్ళు.”

“వెళ్ళి?”

“తీసుకురా ఇంటికి.”

“మీ నాన్నని పోలీసులు పట్టుకెళ్ళారని చెప్పనా? ఏడేళ్ళ పిల్లకి? ఇంతకుముందు కూడా ఒకసారి పట్టుకెళ్ళారు తల్లీ, అప్పుడు నీకంటే ఇంతే పెద్ద, అని అదీ చెప్పనా? స్టేషన్‌లో పేరు చూస్తారు. పాతదంతా తవ్వుతారు. నీ పెళ్ళానికి ఈ రోజు వరకూ తెలీదు.”

“అక్కా, మెల్లగా. బయటికి వినపడుద్ది.”

“వినపడనీ! పద్నాలుగేళ్ళప్పుడు ముగ్గురు వెధవలతో కలిసి ఎవరిదో స్కూటరెక్కి ఊరేగావు. అంతే నువ్వు చేసింది. గుద్దేసి పారిపోయొచ్చి మన మంచం కింద దూరావు. పోలీసులొస్తే... పోలీసులొస్తే మంచం కిందున్నాడని చెప్పింది నేనే.”

“వదిలెయ్యక్కా.”

“నాలుగు రోజులుంటే భయం తెలుస్తుంది, దార్లో పడతాడు, తీసుకెళ్ళండి సార్ అన్నాను. నా నోటితో నేనే. నాలుగు రోజులనుకున్నానురా. నాకప్పుడు ఇరవై ఏళ్ళు, బుర్ర లేదు. ఆ మాట నన్ను తినని రోజు లేదు. అందుకే చెప్తున్నా. ఇవాళ నిన్ను మళ్ళీ పంపను. ఓనరు కాళ్ళు పట్టుకుంటాను. నువ్వొక్క మాట చెప్పు చాలు.”

“చెప్తే మళ్ళీ అందర్నీ నిలబెడతాడు.”

“నిలబెట్టనీ! నీకేం పోయింది?”

“నీకు తెలీదక్కా. హోమ్‌లో ఏది పోయినా అంతే. సబ్బు, చెంచా, ఏదైనా. ముప్పై మందిమి ఉండేవాళ్ళం. ముందు విజిల్. వరసలో నిలబడాలి. చేతులు వెనక్కి. ఎవరో ఒకరు తీశానని ముందుకొచ్చేదాకా తిండి లేదు, నీళ్ళు లేవు. తొమ్మిదేళ్ళ పిల్లలు కూడా ఉండేవాళ్ళు. నిలబడ్డచోటే పోసుకునేవాళ్ళు.”

“ఇదెప్పుడూ చెప్పలేదే నాకు.”

“ఏం చెప్పను? అందుకని మేమే వంతులు పెట్టుకున్నాం.”

“వంతులా?”

“మంచం నంబరు ప్రకారం. ఇవాళ నాలుగు, రేపు అయిదు, అలా. ఏది పోయినా, ఎవడు తీసినా, ఆ రోజు వంతు ఎవడిదైతే వాడు ఒకడుగు ముందుకేయాలి. దెబ్బలు వాడికి. మిగతావాళ్ళకి అన్నం.”

“దేవుడా.”

“మంచి పద్ధతేనక్కా. త్వరగా తేలిపోయేది. నాది పదమూడో మంచం.”

“అయితే ఇవాళ... వరస చూసి, ఆ అలవాటుకొద్దీ అడుగేశావా? ఆ మాటే ఓనరుకి చెబుదాం. మనిషేగా, అర్థం చేసుకుంటాడు. అలవాటండీ, వాడికి తెలీకుండానే కాలు కదిలిందండీ అని... ఉండు, ఎవరో వస్తున్నారు.”

“సూపర్‌వైజరు.”

“అమ్మా, టైమవుతోంది. ఓనరు ఇంకో ఇరవై నిమిషాలన్నాడు.”

“బాబూ, మీరైనా చెప్పండి. మా వాడు తీయలేదు.”

“ఆఁ?”

“తీయలేదంటున్నాను!”

“ఏమన్నారూ?”

“కుడి పక్కకొచ్చి చెప్పక్కా. ఆయనకి ఎడమ చెవి వినపడదు.”

“మా తమ్ముడు దొంగ కాదు బాబూ! మీరు ఓనరుకి దగ్గరి మనిషి. మీ మాటకి విలువుంటుంది.”

“అది... నేనేం చెప్తానమ్మా. తనే ఒప్పుకున్నాడు. ఒరే... నీళ్ళు తాగావా? బాటిల్ ఇక్కడ పెడుతున్నా.”

“తాగుతాలే. నువ్వెళ్ళు.”

“ఇరవై నిమిషాలమ్మా.”

“చూశావా? నీ మొహం కూడా చూడలేదు. నేల చూస్తూ మాట్లాడాడు. ఎన్నాళ్ళయింది ఈయనొచ్చి?”

“ఆర్నెల్లు.”

“ఆర్నెల్ల మనిషి నిన్ను ‘ఒరే’ అంటాడేంటి? నువ్వు సూపర్‌వైజర్ని ‘నువ్వు’ అంటావేంటి?”

“పనిలో అంతేలే.”

“ఏం అంతే? సరేగానీ, ఇవాళ ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు. ఓనరు దొంగెవడని అడిగాడు. అప్పుడే ముందుకెళ్ళావా?”

“లేదు.”

“మరి?”

“గంట గడిచింది. ఎవరూ పలకలేదు. అప్పుడు సూపర్‌వైజరు అడిగాడు.”

“ఏమని?”

“అదే. మామూలుగానే.”

“మామూలుగా అంటే? ఏ మాటన్నాడో ఆ మాటే చెప్పు.”

“ఎందుకక్కా?”

“చెప్పు!”

“ఇవాళ వంతు ఎవరిది, అన్నాడు.”

“వంతా? వంతు ఎవరిదన్నాడా? దొంగెవడని అడుగుతారు. తీసిందెవరని అడుగుతారు. వంతెవరిదని ఎవరడుగుతారు? ఆ మాట మీ హోమ్‌లో తప్ప ఇంకెక్కడుంది? ఒరేయ్, ఎవడు వాడు?”

“అరవకక్కా, నీకు దణ్ణం పెడతా.”

“వాడూ అక్కడి వాడేనా?”

“మెల్లగా అక్కా. బయటే ఉంటాడు.”

“అక్కడి వాడే. ఈ స్టోర్ తాళం ఎవరి దగ్గరుంటుంది?”

“రెండున్నాయి. ఒకటి ఓనరు దగ్గర.”

“రెండోది?”

“దాని సంగతెందుకక్కా?”

“రెండోది వాడి దగ్గర! అవునా? వాడే తీశాడు. తీసి, గంటసేపు నిలబెట్టినా ఎవరూ పలకకపోతే, నీ మీదకి తోశాడు. వంతు అని వింటే నీ కాలు ఆగదని వాడికి తెలుసు. ఎంత గుండెలు తీసిన బంటు! పైగా నీళ్ళ బాటిలొకటి! జరుగు, తలుపు కొట్టాలి.”

“అక్కా, వద్దు.”

“ఓనరు గారూ! ఓ ఓనరు గారూ!”

“అక్కా! నీ కాళ్ళు పట్టుకుంటా. చెప్పకు.”

“లేవరా. పైకి లే. దొంగ వెధవ కోసం నా కాళ్ళు పట్టుకుంటావా? వాడేమైనా నీకు అన్నం పెట్టాడా?”

“పెట్టాడు.”

“ఏంటీ?”

“నువ్వు ప్రతి ఆదివారం వస్తానని చెప్పి రాలేదు చూడు, మొదటి అయిదు నెలలు...”

“రానిచ్చేవాళ్ళు కాదురా. గేటు దాకా వచ్చి తిరిగెళ్ళేదాన్ని.”

“నాకు తెలీదుగా. కిటికీ దగ్గరే కూర్చునేవాణ్ణి. అన్నం ముట్టేవాణ్ణి కాదు. నా వాటా వేరేవాళ్ళు తినేయకుండా వాడు చొక్కాలో దాచి, రాత్రి నా నోట్లో కుక్కేవాడు. వాడిది పన్నెండో మంచం. నా పక్కదే.”

“అయితే రెండు ముద్దలకి బదులుగా జైలుకెళ్తావా? సరే, మంచివాడే అనుకో. ఇప్పుడు చేసిందేంటి? వాడి కొంప నిలబెట్టడానికి నీ కొంప కూలుస్తాడా? నీకొక పిల్ల ఉందని వాడికి తెలీదా?”

“తెలుసు. నా కూతురికి పెన్సిళ్ళు కొనిచ్చాడు మొన్న.”

“తెలిసే చేశాడన్నమాట.”

“వాడికీ ముగ్గురున్నారక్కా. ఎందుకు తీశాడో నేనడగలేదు. అక్కడ ఎవరూ అడిగేవాళ్ళం కాదు.”

“ఇది హోమ్ కాదురా! ఆ వంతులూ ఆ మంచాలూ అయిపోయాయి! నువ్వు పదమూడో నంబరువి కాదు, ఒక పిల్లకి తండ్రివి. గడియారం చూడు. ఇంకో పావుగంటలో అది బ్యాగు తగిలించుకుని గేటు దగ్గరికొస్తుంది. నువ్వు కిటికీలోంచి నా కోసం చూసినట్టు చూస్తుంది. ఆ బాధ నీకు తెలుసు కదరా. తెలిసీ దానికి పెడతావా?”

“ఆ మాటనకక్కా.”

“అంటాను! ఏడువు! ఏడ్చి, ఆ తలుపు దాటి, నేను కాదని చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. ఒకసారి నా నోటితో నిన్ను పోగొట్టుకున్నాను. ఈసారి నా నోటితోనే తెచ్చుకుంటాను. అడ్డు లే.”

“ఆ చెవి చూశావా అక్కా?”

“ఏ చెవి?”

“వాడి ఎడమ చెవి.”

“చెవిటివాడైతే జాలి పడాలా ఇప్పుడు?”

“పుట్టుకతో రాలేదు అది. హోమ్‌లో ఒకసారి వార్డెన్ వాచీ పోయింది. పొద్దున్నుంచి నిలబెట్టాడు. చేతిలో బెల్టు పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇద్దరు చిన్నపిల్లలు కళ్ళు తిరిగి పడిపోయారు. అయినా ఎవరూ అడుగేయలేదు. మధ్యాహ్నం దాటాక వాడు ముందుకెళ్ళాడు. బెల్టుని ఇనప బకిల్ వైపు తిప్పి కొట్టాడు వార్డెన్. చెవిలోంచి నెత్తురు మెడ దాకా కారింది. సాయంత్రం ఆ వాచీ వార్డెన్ ప్యాంటు జేబులోనే దొరికింది.”

“అయ్యో... పాపం పసివాడు. కానీ దానికి నువ్వేం చేస్తావురా? వాడి వంతొచ్చింది, వాడెళ్ళాడు.”

“వాడి వంతు ముందు రోజే అయిపోయిందక్కా. ఆ రోజు వంతు పదమూడుది.”