శుభం పడ్డాక లేవని ఆడవాళ్ళు

"అమ్మమ్మా, మీ సుభద్ర వదినగారి నవలతో తీసిన సినిమా యూట్యూబ్‌లో చూశాను. ఆఖర్న ఆ రాజ్యం వెళ్ళి మొగుడి కాళ్ళ మీద పడుతుందేంటి? ఆవిడ అట్టాగే రాశారా?"

నువ్వూ చూశావా. మా వదిన అట్టా ఎందుకు రాస్తుందే? అది సినిమా వాళ్ళ పైత్యం. ఉండు, ఆ కిటికీ వెయ్యి ముందు, బెంజ్ సర్కిల్ హారన్లన్నీ నీ ఫోన్ రికార్డింగులో పడతాయి. ఆ, ఇప్పుడు చెప్తా.

సుభద్ర వదినంటే మా పెద్దన్నయ్య భార్య, మీ అమ్మకి అత్తయ్య. ఇప్పుడంటే గొప్ప నవలా రచయిత్రి, ఎన్ని నవలలు సినిమాలయ్యాయో అని చెప్పుకుంటారుగాని, నాకు మాత్రం పెడనలో మా వంటింటి గుమ్మం పక్కన పీటేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాసుకునే మనిషే గుర్తు. మధ్యలో పాలు పొంగిపోయేవి. మా అమ్మ ఒక్క మాట అనేది కాదు. అంటే వారపత్రికలో వచ్చే సీరియల్ ఆ వారం ఎక్కడ చెడిపోతుందోనని భయం మరి.

మాది నేత వీధి గదా. మగ్గం మీద మగవాళ్ళు, నూలు పని ఆడవాళ్ళది, అట్టా ఉండేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడవాళ్ళంతా రాట్నాలు తెచ్చుకుని మా వసారాలో కూర్చుని కండెలకి నూలు చుట్టేవాళ్ళు. వారపత్రిక రాగానే నేను చదవాలి, రాట్నాల చప్పుడు దాటి వినపడేట్టు. పత్రిక అప్పుడు అర్ధరూపాయి... కాదు కాదు, అది తర్వాత పెంచాడు. సరేలే. వదిన తలుపు వెనక నుంచుని వినేది. ఎక్కడ రాట్నాలు ఆగితే అక్కడ కథ పట్టుకున్నట్టు ఆవిడకి. ఏ రాట్నమూ ఆగలేదనుకో, ఆ పూట వదిన మొహం చూడలేం.

ఎదురింట్లో నాంచారమ్మత్త ఉండేది. ఒక్క అక్షరం రాదు, కథంటే మాత్రం ప్రాణం. వదిన నీళ్ళకి వెళితే వెంటపడి, ఆ రాజ్యాన్ని గనక చంపావంటే నీకూ నాకూ మాటల్లేవని బెదిరించేది.

కథ సినిమాలో చాలా మటుకు అట్టాగే ఉందిలే. మొగుడు వట్టి అనుమానపు మనిషి, రాజ్యాన్ని ఇంట్లోంచి గెంటేస్తాడు. ఆ పిల్ల ఓ పాత మగ్గం సంపాదించుకుని తన బతుకు తను బతుకుతుంది. కొన్నాళ్ళకి వాడే వస్తాడు, బుద్ధొచ్చింది, ఇంటికి రమ్మని. అప్పుడు వదిన ఏం రాసిందంటే, రాజ్యం వాడికి కాళ్ళకి నీళ్ళిచ్చి, విస్తరేసి, అన్నం పెట్టి, మారు అడిగి వడ్డించి, మజ్జిగ పోసి, పంపించేసింది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు. మళ్ళీ మగ్గం ముందు కూర్చుంది. అది చదివిన రోజు వసారాలో ఒక్క రాట్నం తిరగలేదు.

ఆ తర్వాత మద్రాసు నించి ప్రొడ్యూసరు కారేసుకొచ్చాడు. మా వీధిలో కారు పట్టదుగా, చివర్న ఆపి బురదలో పంచె ఎత్తుకుని నడిచొచ్చాడు. మా అన్నయ్య ఉబ్బితబ్బిబ్బైపోయాడు. వదిన మాత్రం ఒక్కటే అడిగింది, ఆఖరు మార్చరు కదండీ అని. ఆ ఆఖరు కోసమే కదమ్మా ఇంత దూరం వచ్చాను అన్నాడు, పెద్దమనిషి. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది నాకు.

సినిమా బెజవాడలో రిలీజు. వీధి వీధంతా పులిహోర కట్టుకుని పొద్దున్నే బస్సెక్కాం. నాంచారమ్మత్త కూతురి పెళ్ళినాటి చీర తీసి కట్టింది. సగం మందికి హాల్లో కూర్చోవడం అదే మొదలు. తెర మీద వదిన పేరు పడితే ఒకటే చప్పట్లు. ఇంటర్వెల్‌కి దీపాలేస్తే అయిపోయిందనుకుని లేవబోయారు. కూర్చోండి, మిగతాది ఇంకా ఉంది అని నేనే ఆపాను.

ఆఖర్న ఏముంది, నువ్వు చూసిందే. రాజ్యం కాళ్ళ మీద పడింది, పాటొచ్చింది, శుభం పడింది. వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఇంక నేను రాయను శాంతా" అంది. కోపంగా అన్నా బాగుండేది, మామూలుగా అంది. అందుకే భయమేసింది నాకు. ఊరికే అనే మనిషి కాదు.

హాలంతా ఖాళీ అయింది గాని మావాళ్ళు ఒక్కరూ లేవరే. పులిహోర పొట్లాలు కూడా విప్పారు. ఊడ్చే ఆయన చీపురు పట్టుకొచ్చి, లేవండమ్మా, అయిపోయింది, ఫస్ట్ షోకి జనం బయట నుంచున్నారు అన్నాడు. నాంచారమ్మత్త ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అయిపోవడమేంటయ్యా, మా రాజ్యం వాడికి ఇంకా అన్నం పెట్టి పంపలేదుగా."

శుభం అని పడితే ఆవిడకేం తెలుసు పాపం. దీపాలేశారు గనక ఇంకో ఇంటర్వెల్ అనుకుంది. చదువొచ్చిన వాళ్ళు కూడా ఆవిణ్ణి చూసి, అవును కదా, ఇంకా కథ ఉంది కదా అని కూర్చున్నారు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అప్పుడు లేచింది వదిన. నలుగురిలో వదిన నోరు విప్పడం అప్పటిదాకా నేనెరగను తల్లీ.

"అత్తా, వీళ్ళు తియ్యలేదు. మిగతాది నేను చెప్తా" అంది.

ముందు కుర్చీ పట్టుకుని నుంచుని చెప్పింది, కాళ్ళకి నీళ్ళివ్వడం దగ్గర్నించీ మజ్జిగ దాకా. ఊడ్చే ఆయన కూడా చీపురు పక్కన పెట్టి విన్నాడు. బయట జనం తలుపులు బాదేస్తున్నారు, ఎవరికి పట్టింది.

అయ్యాక నాంచారమ్మత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని, మరి ఇంకోటి ఎప్పుడు మొదలెడతావే అమ్మాయ్ అని అడిగింది. వదిన నా వంక చూసింది.

"రాస్తున్నానత్తా."

ఒక్క ముక్క రాయలేదని నాకు తెలుసుగా. కానీ తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరితో మాట్లాడకుండా, పెదాలు కదుపుతోంది. హమ్మయ్య అనుకున్నాను.

ఆ తర్వాత ఎన్ని రాసిందో. ఇంకా సినిమాలొచ్చాయి, కొన్ని బాగా తీశారు, కొన్నిట్లో మళ్ళీ ఆఖరు మార్చారు. మారిస్తే నవ్వేది, అంతే. పోయేదాకా రాస్తూనే ఉంది, మహాతల్లి.

నువ్వేదో షార్ట్ ఫిల్మ్ తీశావని, ఎవరూ చూడట్లేదని దిగులు పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఇటు రా, దగ్గరికి రా. దీపాలేసినా లేవకుండా, మిగతాదేదీ అని అడిగే వాళ్ళు నీకూ దొరకాలి తల్లీ. ఎక్కువ మంది అక్కర్లేదు, ఓ వసారా నిండితే చాలు.