మిణుగురు గారి టెస్టు బల్బు

ఏంటమ్మాయ్, అట్టపెట్టెలోంచి తీసి అలా అటూ ఇటూ తిప్పుతున్నావ్? కళ్లజోడు డబ్బాయే అది. మీ తాతయ్యది. మూత తియ్యి, లోపల కళ్లజోడుండదు. ఆఁ, రేడియో. నవ్వకు, నిజంగా రేడియోనే. వినడమే కాదు, అవతలివాళ్లకి మన మాట కూడా పంపేది. ఎలా పంపుతుందో నన్నడక్కు. కానీ ఒక్క మాట చెబుతాను, గొప్పకి కాదు, ఉన్నమాటే. నాలాగా వినేవాడు మన ఇంటావంటా లేడు. అవతలివాడు ఏం చెప్పినా సరే, అర్థమైనా కాకపోయినా, ఎక్కడ తలూపాలో సరిగ్గా అక్కడ ఊపుతాను. అడ్డుపడను. ప్రశ్నలెయ్యను. అది అందరికీ అబ్బే గుణం కాదు. మీ నాన్నమ్మ, అదే, మా అక్క, "వీడి తలకాయ మెడ మీద లేదు, స్ప్రింగు మీదుంది" అనేది. అననీ. ఆ స్ప్రింగు చూసే కదా మా బావ, అదే మీ తాతయ్య, ఇంతమందిలో నన్ను పట్టుకున్నాడు!

బావకి కళ్లజోళ్ల షాపు కదా. పగలంతా వచ్చినవాళ్లని "ఈ అక్షరం కనపడుతోందా, ఇదీ?" అని అడిగేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ డబ్బా ముందు కూర్చుని "నేను వినపడుతున్నానా, ఎవరికైనా?" అని ప్రపంచాన్ని అడిగేవాడు. నోటితో కాదమ్మా, మీటతో. టిక్కు టిక్కు, టీక్కు. పొట్టి చప్పుళ్లూ పొడుగు చప్పుళ్లూ కలిపితే అక్షరాలట. లైసెన్సుంది, కావాలంటే బీరువా అంత మిషను పెట్టుకోవచ్చు. అబ్బే, వద్దు. అర వాటు చాలు. "ఫ్రిజ్జు తలుపు తీస్తే లోపల బల్బు వెలుగుతుంది చూడరా, అందులో ముప్ఫయ్యో వంతు!" అని ఇంత మొహం చేసుకుని చెప్పేవాడు. లోకంలో అందరూ తమకెంత ఉందో చెప్పుకుని మీసం తిప్పితే, మా బావ తనకెంత లేదో చెప్పుకుని తిప్పేవాడు. పావు వాటుకి దిగిన రోజున పక్కింటికి మిఠాయి పంపాడంటే నమ్ముతావా? వాళ్లు ఎవరో పుట్టారనుకున్నారు. నాకూ ఆ టిక్కుటిక్కు భాష నేర్పాడులే. నేను తలూపాను. "వచ్చేసిందిరా నీకు!" అని వీపు మీద చరిచాడు. అంత సంతోషంగా ఉన్న మనిషితో రాలేదని ఎలా అంటాం చెప్పు? మళ్లీ తలూపాను.

మేడ మీద ఈ చివర్నించి ఆ చివరికి ఏరియల్ తీగ కట్టాడు. మా అక్క దాని మీద తడి తువ్వాళ్లు ఆరేసేది. "నా సిగ్నలు మీద నీ తువ్వాళ్లేంటే?" అని ఈయన కిందనుంచి కేకలు. "మీ సిగ్నలు ఆరాక తీస్తాలెండి" అని ఆవిడ పైనుంచి. ఇది రోజూ ఉండేదే. ఏం చెబుతున్నాను? ఆఁ, క్లబ్బు. ఇలాంటి రేడియో పిచ్చివాళ్లకి ఒక క్లబ్బుండేది. ఆదివారం పొద్దున్న అందరూ చేరి, తాము ఎంత దూరం వినపడ్డారో ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. వినేవాడు మాత్రం ఒక్కడూ లేడు, నేను తప్ప. దానికి ప్రెసిడెంటు ఎలక్ట్రిక్ సామాన్ల షాపాయన. మన వీధి చివరే ఇల్లు. ఆయన మిషను ఆన్ చేస్తే వీధిలో లైట్లు కన్నుకొట్టేవి. ఆయన దగ్గితే పక్కింటి టేప్ రికార్డరు కూడా దగ్గేది. మా బావకి "మిణుగురు గారు" అని పేరు పెట్టింది ఆయనే. ప్రతి ఆదివారం అందరి ముందూ, "మిణుగురు గారూ, ఈ వారమైనా మా ఇంటిదాకా వచ్చారా? రాలేదా? పాపం, దారిలో దోమ అడ్డొచ్చి ఉంటుంది!" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. నలుగురితో పాటు నవ్వడం కూడా వినడంలో భాగమే కదా.

ఒక ఆదివారం బావకి రోషం వచ్చింది. లేచి నిలబడి, "వచ్చే వార్షికోత్సవం లోపల నా అర వాటు సముద్రం దాటుతుంది. దాటకపోతే ఈ డబ్బాలో మళ్లీ కళ్లజోడే పెట్టుకుంటాను, ఇక మీట ముట్టను" అనేశాడు. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. అనడం అనేశాడుగానీ, ఆ మీట లేకపోతే ఆయన సాయంత్రాలు ఏమైపోతాయో ఆయనకే తెలీదు. "ఒక్కడు చాలురా. అవతలి ఒడ్డున ఒక్కడు 'విన్నాను' అంటే చాలు" అని నా మోకాలు పట్టుకుని ఊపేవాడు. నేను తలూపేవాణ్ణి. అలా ఇద్దరం ఊగుతూనే ఉన్నాం, వార్షికోత్సవం ముంచుకొచ్చేసింది, సముద్రం మాత్రం దాటలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం. ముందుగదిలో ఆయన డబ్బా ముందు, నేను పక్కన స్టూలు మీద. డబ్బా పక్కన ఒక చిన్న టార్చిలైటు బల్బుండేది, టెస్టు బల్బు. సిగ్నలు పంపేముందు మిషను బాగుందో లేదో ఆ బల్బు మీద కొట్టి చూసుకోవాలి, వెలిగితే బాగున్నట్టు. తర్వాత పక్కనున్న స్విచ్చి తిప్పితే బల్బు ఆరిపోయి అంతా ఏరియల్‌కి పోతుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసిందిలే. ఆ సాయంత్రం నేను చూసిందల్లా, ఆయన టిక్కుమంటే బల్బు టిక్కున వెలగడం. ఎంత ముద్దుగా ఉందో! బావ చెవులకి ఆ డొప్పలు తగిలించుకుని, "ఈవేళ ఎంత శుభ్రంగా ఉందిరా! ఒక్క రొద లేదు, గరగర లేదు, లోకమంతా నాకోసం నోరు మూసుకున్నట్టుంది" అన్నాడు. నేను తలూపాను. అంతలో జవాబొచ్చింది. ఎక్కడో సముద్రం నడుమ ద్వీపమట, అక్కణ్ణించి. బావ కొట్టింది వాళ్లకి చెవులు చిల్లులు పడేలా వినపడుతోందట. బావ ఎగిరి గంతేశాడు, కుర్చీ వెల్లకిలా పడింది. మా అక్క కూరలు తరుగుతున్న కత్తి చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "ఎవరు పోయారు?" "పోలేదే, వచ్చింది! ద్వీపం వచ్చింది!" "ద్వీపాలు ఎక్కడికీ రావు, ముందు ఆ కుర్చీ లేపండి" అంది.

వార్షికోత్సవం రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ డబ్బా జేబులో పెట్టుకుని వెళ్లాడు. ప్రెసిడెంటు కూడా ఎంతో ప్రేమగా, "రండి మిణుగురు గారూ, మీ ద్వీపం సంగతి చెప్పండి" అన్నాడు. బావ చెప్పాడు. చెప్పి, చెప్పి, కళ్లు తుడుచుకున్నాడు కూడా. అంతా అయ్యాక ప్రెసిడెంటు లేచి, "ఆ ద్వీపం నేనేనండీ. కొబ్బరిచెట్లు లేవుగానీ మా మేడ మీద పూలకుండీలున్నాయి, ఎప్పుడైనా రండి" అన్నాడు. ఇంకేముంది, హాలు హాలంతా బల్లలు చరిచి నవ్వడమే. బావ కూర్చున్నాడు. జేబులోంచి డబ్బా తీశాడు. కళ్లజోడు తీసి మడత పెట్టి ఆ డబ్బా మీద పెట్టాడు. మీట ముట్టనన్నాడు కదా, ఆ మాట చెల్లించేస్తున్నాడన్నమాట. ఓదార్చాలిగా, ఏమనాలో తోచక, "పోనీలే బావా, మొన్న ఆ బల్బు మాత్రం భలే వెలిగింది" అన్నాను. "ఏ బల్బు?" "టెస్టు బల్బు. నువ్వు కొట్టినంతసేపూ వెలుగుతూనే ఉందిగా." "ద్వీపంతో మాట్లాడుతున్నప్పుడు కూడానా?" "ఆఁ." "మరి చెప్పవేంరా!" "అలా వెలగాలేమో అనుకున్నాను" అన్నాను.

అమ్మాయ్, ఆ లేవడం చూడాలి. కళ్లజోడు లేకుండానే లేచాడు, ప్రెసిడెంటు ఎటున్నాడో సరిగ్గా కనపడక గోడవైపు తిరిగి మొదలెట్టాడు. "అయ్యా, ఆవేళ నేను స్విచ్చి తిప్పడం మర్చిపోయాను. నా మేడ మీది తీగకి ఏమీ పోలేదు. టార్చిలైటు బల్బు మీద కొట్టాను. అది మీరు మీ ఇంట్లో కూర్చుని విన్నారు, విని జవాబిచ్చారు. మరి తీగ మీద కొట్టినన్నాళ్లూ ఒక్కనాడూ వినపడలేదన్నారే?" క్లబ్బు సెక్రటరీ ఎప్పుడూ నోరు విప్పడు, అలాంటివాడు సన్నగా, "అదీగాక, లేని స్టేషను పేరుతో పిలిస్తే లైసెన్సు పోతుంది కదండీ?" అన్నాడు. ప్రెసిడెంటు అందరివంకా చూసి, "టీ... టీ చెప్పి వస్తాను" అని బయటికెళ్లాడు. టీ వచ్చింది. ఆయన రాలేదు.

వారం తిరిగేసరికి ప్రెసిడెంటు ఊరంతా చెప్పుకున్నాడులే, "నా మిషను చెవులెంత చురుకో, బల్బు వెలిగినా వినపడుతుంది" అని. నాకు ఒళ్లు మండింది. బావ మాత్రం, "వినపడ్డానన్నాడు కదరా, అది చాలు" అని మళ్లీ మీట పట్టుకున్నాడు. తర్వాత సముద్రం దాటాడా అంటావా? దాటాడు. ఆ రోజున మాత్రం కుర్చీ పడలేదు.

చివర్న ఆసుపత్రిలో గొంతులో గొట్టం పెట్టారు, మాట లేదు. మా అక్క మందులకి వెళ్లింది. నేను పక్కన కూర్చుంటే, బావ నా మణికట్టు మీద వేలితో కొట్టడం మొదలెట్టాడు. పొట్టివీ, పొడుగువీ. చాలాసేపు. నా మొహంలోకే చూస్తూ. నేనేం చేస్తాను? ఎక్కడ ఊపాలో అక్కడ తలూపాను. ఆ మొహం విప్పారింది చూడు, ద్వీపం వచ్చినప్పటి మొహం. అలాగే కళ్లు మూసుకున్నాడు. అక్క వచ్చి, "ఏమన్నారురా?" అంది. "తువ్వాళ్లు ఆ తీగ మీదే ఆరేసుకోమన్నాడు" అన్నాను. తను ఉన్నన్నాళ్లూ అక్కడే ఆరేసింది.

ఆ కొట్టిన తీరు ఇంకా నా చేతికి గుర్తుంది. ఇదిగో, నీ చెయ్యి ఇలా పెట్టు... ఇలా. మళ్లీ ఇలా. ఏమన్నాడో అని నన్ను చూస్తావేంటి? నాకు రాదమ్మా ఆ భాష. ఇప్పటికీ రాదు.