ఎవరి మూట వాళ్ళు మొయ్యని సీమ

"అమ్మమ్మా, తాతయ్య చెప్పిన మబ్బుకొండల ముచ్చట మళ్ళీ చెప్పవా? ఫోన్లో రికార్డు చేసుకుంటాను."

ఏటే, ఇప్పుడా? మోకాలాపరేషనయి మంచమ్మీద పడున్నదాన్ని పట్టుకుని ముచ్చట్లేటి! డాక్టరు నడవమన్నాడట. ఆయనకేటి, నొప్పి నాది. నాను లెగను, బస్, అంతే. సరే, ఆ దిండు ఇలాగెట్టు. ఆఁ, చాలు.

నీకప్పుడు ఆరేళ్ళు. హిందీవాళ్ళ మధ్యన భన్‌పురిలో ఉండీవాళ్ళం, మీ నాన్న ఫ్యాక్టరీకి దగ్గరని. రెండు గదులు, బయట్నుంచి డాబామీదకి పన్నెండు మెట్లు... కాదు కాదు, పద్నాలుగు. అద్దె పదిహేను వందలో ఎంతో. ఆ మెట్లమీంచి పడే కాలు విరగ్గొట్టుకున్నావు. పలస్తర్ కట్టు విప్పీసినా కాలు కింద పెట్టవు. "నహీ, నహీ" అని ఒకటే ఏడుపు. నెల్లాళ్ళలాగే. ఇలాగుంటే కాలు సన్నబడిపోతాదన్నాడు డాక్టరు. మీ అమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడిసీది. నానేమో తిట్టీదాన్ని. నా నోరు నీకు తెలీందేటి!

మీ తాత రైల్వేలో గార్డు చేసి రిటైరయినోరు. ఆయనకి తిట్టడం రాదు. నీ మంచం పక్కన కూకుని కథ మొదలెట్టీవారు. మబ్బుకొండలని ఒక సీమ ఉందట. అడుగున ఉప్పుపల్లి, నడుమ కంబళ్ళూరు, అన్నిటికన్నా పైన తేనెపేట. ఉప్పు పైకెళ్తాది, తేనె కిందకి దిగుతాది. మందిర్ హసౌద్ సంతలో చూసిన ఇప్పపువ్వు, చింతపండు, చీపుళ్ళు, అన్నీ ఆ కొండలమీద అమ్మకానికి పెట్టీసీవారు! అక్కడొకటే కట్టుబాటట. ఎవరి మూట వాళ్ళు మొయ్యకూడదు. నాది నువ్వు, నీది నాను. ఎందుకూ అంటే, మన సరుకైతే బద్ధకమొచ్చి దార్లో కూలబడిపోతాం. ఎదుటోడి సరుకు చేతిలో ఉంటే కూకోలేం కదా.

ఒకరోజు చిన్న గుడ్డలో ఉప్పు మూటగట్టి నీ చేతిలో పెట్టీసేరు. "ఇది తేనెపేట ముసలాడిదమ్మా. నువ్వు తెచ్చేదాకా ఆడికి చప్పిడి కూడే" అనీసి, డాబాయే తేనెపేటన్నట్టు ఎక్కి కూకున్నారు. నిజంగానే ఉప్పు లేకుండా వండి పైకి తెమ్మన్నారు! నాకు నవ్వొచ్చింది ముందు. మర్నాడూ అంతే, మూడోనాడూ అంతే. మే నెలెండ, ఆయన నెత్తిమీద తడి తువ్వాలు, చప్పిడి పప్పు. నువ్వేమో మూట గుప్పెట్లో పట్టుకుని గోడకేసి తిరిగి పడుకునీదానివి.

నాలుగోనాడు నాకు ప్రాణం ఒప్పక పప్పులో చిటికెడు ఉప్పేసీసేను. తప్పే, ఒప్పుకుంటాను. ముద్ద నోట్లో పెట్టి కంచం తోసీసేరు. "ఇది దొంగుప్పు. నా ఉప్పు నా మనవరాలి దగ్గరుంది" అన్నారు. ఒళ్ళు మండిపోయి, "మీ చాదస్తం తగలెయ్య! ఆ పిల్ల రాదు, మీరు తినరు, నన్ను చంపండి!" అని ఈధంతా ఇనబడేలా అరిసేను.

కంచం తీసుకుని దిగబోతుంటే, అమ్మో... మెట్ల అడుగున నువ్వు! గోడ పట్టుకుని మొదటి మెట్టుమీద కాలెట్టేవు. ఎత్తుకుందామని నాను వంగితే ఆయన పైనుంచి "ముట్టుకోకు!" అని ఒక్క కేకేసేరు. ఆయన కేకెయ్యడం నాను ఇనడం అదే మొదలు. ఏడుసుకుంటా, మెట్టుకో ఊరి పేరు చెప్పుకుంటా ఎక్కేవు తల్లీ. చెమటకి తడిసిపోయిన ఆ ఉప్పే కలుపుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే కంచం ఊడ్చుకుని తిన్నారు మీ తాత. ఆయన పోయి ఆరేళ్ళయింది. నువ్వు టకటకా నడిసిన ప్రతిసారీ ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఏ జన్మలో పుణ్యమో, అంత ఓపికున్న మనిషితో కాపరం చేసేను.

ఇదేటే, నా చేతిలో ఏటెడుతున్నావు? ఉప్పా? ఇదెందుకు... నువ్వు నిన్నట్నుంచి చప్పిడే తింటన్నావా? నిజంగా? ఓసి పిచ్చి మొహమా! మీ తాత బుద్ధులు ఎక్కడికి పోతాయి!

ఆ కర్రిలా అందుకో. నన్ను ముట్టుకోకు, నానే లెగుస్తాను. అబ్బా... ఉండు, ఉండు. నూరేళ్ళు సల్లగా బతుకు తల్లీ. ఎళ్ళు, ఎళ్ళి వంటింట్లో కంచం ముందు కూకో. నీ ఉప్పు తెస్తన్నాను.