కొబ్బరినూనె తాగిన బండి

"మామ్మా, పొద్దున్నించీ ముఖం అలా ముడుచుకున్నావు. నీకేం అన్యాయం జరిగిందని?"

నాకే జరిగింది. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిది నా పెళ్ళయిన మూడో ఏడు. రెండోది మొన్న బుధవారం, నీ చేతులమీదుగా. కూచో, చెప్తాను. ఆ ఫోను... రికార్డు చేస్తున్నావా? చెయ్యి. మీ పెద్దమామ్మకి వినిపించు కూడాను.

మీ తాతగారు ఆ మోటారుసైకిలు కొన్నప్పుడు మన వీధిలో... వీధేంటి, ఊరు మొత్తంమీద అది రెండో బండి. పెట్రోలు లీటరు మూడు రూపాయలో, మూడున్నరో. కొన్న వారమే, అమలాపురం లైబ్రరీలో పుస్తకం మార్చుకోవాలండీ, తీసుకెళ్ళండి అన్నాను. ఆయన మా అత్తగారి వంక చూసేరు. ఆవిడ, "పెళ్ళాన్ని వెనకాల ఎక్కించుకుని ఊరేగితే పరువుంటుందిట్రా?" అంది. సరే, పరువే. మరి మర్నాడు మా తోటికోడలు సుభద్ర, అదే మీ పెద్దమామ్మ, పన్ను నొప్పంటే దర్జాగా ఎక్కి కూచుందే! వదిన తల్లితో సమానమట, ఎక్కొచ్చట. నేనూ చదివేను చాలా పుస్తకాలు, అందులో ఎక్కడుందో నాకైతే కనపళ్ళేదు. ఆ ఏడాదిలో ఆవిడకి ఎన్ని పళ్ళు నొప్పెట్టేయనుకున్నావు? ముప్పైరెండూనూ.

అత్తగారు పోయేక ఓ రోజు ఆయన బండి స్టార్టు చేసి "రా, ఎక్కు" అన్నారు. "మీ వదినగారు దిగిన వేడి ఇంకా చల్లారలేదు ఆ సీటుకి" అన్నాను. నా నోరు నీకు తెలుసుగా. ఇంకోసారి అడుగుతారనుకున్నానే. అడగలేదు. ఆయనకీ పౌరుషం ఉంటుంది కదా.

ఆయన పోయేక బండి పెరట్లో కొబ్బరికాయల కొట్లో పడుంది, పన్నెండేళ్ళు... కాదు, పదమూడు. నీ ఓణీల ఫంక్షనుకి ముందు ఏడేగా ఆయన పోయింది. ఇది ఎవరికీ చెప్పలేదు, విను. ప్రతి దసరాకీ అందరూ కత్తులకీ పారలకీ బొట్లు పెడుతుంటే, నేను కొట్లోకెళ్ళి ప్లగ్గు విప్పి... ఎలా వచ్చంటావా? ఆయన విప్పుతుంటే కిటికీలోంచి చూసేదాన్ని. ఆ కంతలో గరిటెడు కొబ్బరినూనె పోసేదాన్ని. మనం ఆడించుకున్నదే. లోపల తుప్పు పట్టకూడదని. ఆయన తలకి అదే రాసేదాన్ని, బండికి వేరే నూనె ఉంటుందని నాకేం తెలుసు?

పోయిన నెల నువ్వు కొత్తపేట నుంచి మెకానిక్కుని తెచ్చేవు. ఇంజను విప్పితే నూనె బంకలా గడ్డకట్టి పిస్టను కదల్లేదు. అందరూ పడీపడీ నవ్వేరు. గుమ్మంలో నించుని నోరు మూసుకున్నాను. నేను! నోరు మూసుకోవడం! రెండ్రోజులు కిరసనాయిల్లో నానబెట్టి కడిగేక అతనే అన్నాడు: "ఎవరు పోసేరో గానండి, ఈ నూనె లేకపోతే ఉప్పుగాలికి ఎప్పుడో తుప్పు తినేసుండేదండి. లోపల చిన్న గీతైనా పళ్ళేదు."

అంతే! మీ పెద్దమామ్మ కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చి, "ఆయ్, నేనేనండి పోసింది" అంది. ఎనభై నాలుగేళ్ళు! నోట్లో ఒక్క పన్ను లేదు, అబద్ధం మాత్రం ఎంత నున్నగా జారిందో! నువ్వు మురిసిపోయి, టైర్లు మార్చి, కాగితాలు రెన్యువలు చేయించి, బుధవారంనాడు బండి రోడ్డెక్కగానే మొట్టమొదట ఎవర్ని ఎక్కించుకున్నావు? ఆవిణ్ణి! మళ్ళీ ఆవిణ్ణే! పైగా ఆవిడ నాకేసి చెయ్యూపింది చూడూ, ఒళ్ళు మండిపోయింది.

తప్పు ఆవిడదే. నాదీ ఉందిలే కొంత. నేనే పోశానంటే, ఎక్కనన్న బండిమీద నీకంత ప్రేమేంటే అని అడుగుతారు. దానికేం చెప్పను? యాభై ఏళ్ళు ఏడ్చింది దానిమీదెక్కాలనే అని చెప్పనా?

"అయితే పద మామ్మా. ఇప్పుడే."

ఇప్పుడా... ఉండు, చీర కుచ్చిళ్ళు దోపుకోనీ. ఒకపక్కకి కూచోను నేను, చెరోవైపూ కాళ్ళేస్తాను, ఎవరేమన్నా సరే. కాలవగట్టుమీంచి వద్దు, వీధిలోంచే పోనీ. ఆవిడ అరుగు దగ్గర బాగా నెమ్మదిగా... హారను కొట్టు. మళ్ళీ కొట్టు. నూరేళ్ళు చల్లగా ఉండవే తల్లీ. తిరిగొచ్చేక ఆ క్యాలెండరుమీద రాసిపెట్టు, పెద్దక్షరాలతో: కార్తీక బహుళ విదియ, శుక్రవారం.