ఏసుపాదం కంప్యూటర్ వైద్యం

ఎనభై ఏడులో నర్సీపట్నం మిషన్ స్కూలుకి కంప్యూటర్ వచ్చిందని విన్నప్పటి నుంచీ రేడియో మెకానిక్ ఏసుపాదం కాలు ఒకచోట నిలవడం లేదు. ఊళ్ళో టీవీలు వచ్చి రేడియోలు మూలపడ్డాయి, షాపులో ఈగలు తోలుకోవడమే మిగిలింది. ఆ కంప్యూటర్ గది చూసుకునే ఉద్యోగం దొరికితే నెలనెలా జీతం, పైగా ఏసీ గాలి. తన ప్రతాపం ఎలాగోలా స్కూలు కరస్పాండెంట్ వరదానం గారి చెవిన పడాలి. అందుకని తలుపులమ్మ టీకొట్టులో బెంచీ ఎక్కాడు.

“ఆదివారం అందరూ చర్చిలో ఉన్నారా, వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చీసేడు. ‘అన్నియ్యా, కంప్యూటర్ సచ్చిపోయింది, బేగి రా’ అన్నాడు. ఎల్లి సూద్దును కదా, తెర నల్లగా బొగ్గులాగుంది. ఇంకోడైతే మొత్తం ఊడదీసి కూకుండును. నేను ముందు ప్లగ్గు సూసేను. ఒదులు! నొక్కేను. ఎనకాల వైరు బిగించేను. ఆపి, కాసేపాగి మళ్ళీ ఏసేను. ఎలిగిపోయింది!”

“అంతేనా? మా టేబుల్ ఫేనుకి అది నేనే సేసుకుంటాను,” అంది తలుపులమ్మ గ్లాసులు కడుగుతూ.

ఆ ‘అంతేనా’ ఏసుపాదానికి ఎక్కడో గుచ్చుకుంది.

“అంతేనా అంటావేటి! ఆ తర్వాత ఏటయిందో తెల్సా? ఎలిగింది గానీ అచ్చరాలన్నీ తలకిందులు. కీబోర్డులో దుమ్ము! ఒక్క ఊదు ఊదేను. ఆ దుమ్మెల్లి బలిఘట్టంలో పడింది. అక్కడోళ్ళు తుఫాననుకుని తలుపులేసీసుకున్నారు.”

“మా కొండ మీదికి రాలేదు మరి,” అన్నాడు గంగులు, చింతపండు అమ్ముకోడానికి ఏజెన్సీ నుంచి దిగినవాడు.

“కొండే అడ్డొచ్చింది గదరా! ఇంతలో కరెంటు పోయింది. వైరు ఒట్టి సేత్తో పట్టుకున్నాను. నా ఒంట్లో కరెంటుకి కంప్యూటరే కాదు, కృష్ణదేవిపేట దాకా బల్బులెలిగీసేయి. అప్పుడది తెర మీద తెలుగులో రాసింది, ‘ఏసుపాదం గారూ, తవరు లేపోతే నాకు దిక్కెవరండీ’ అని! ఢిల్లీ ఇంజినీర్లు ఇమానంలో వచ్చి, నా స్క్రూడ్రైవర్ కళ్ళకద్దుకుని...”

నవ్వులు టక్కున ఆగిపోయాయి. అందరూ తన వెనక్కి చూస్తుంటే ఏసుపాదం కూడా తిరిగాడు. టీగ్లాసు పట్టుకుని వరదానం గారు. ఆయన చెవిన పడాల్సింది బాగానే పడింది.

“ఏ కంప్యూటరయ్యా అది?” అడిగారు ఆయన నెమ్మదిగా.

“మీ స్కూలుదేనండి. గదిలో బల్ల మీద, పువ్వులు కుట్టిన గుడ్డ కప్పి...” కిటికీలోంచి చూసిందంతా అప్పచెప్పేశాడు.

“ఆ గుడ్డ మా జ్ఞానమణి టీచర్ కుట్టింది. దాని కింద ఉన్నది మేకులు కొట్టిన చెక్కపెట్టె. బిషప్ గారొచ్చి ప్రార్థన చేసి రిబ్బను కత్తిరిస్తే గానీ విప్పకూడదని కమిటీ మాట. కంప్యూటర్ ఇంకా ఆ పెట్టెలో గడ్డి మధ్యనే ఉంది.”

ఏసుపాదానికి చేతికందే ఉద్యోగం జారిపోతోందని నిజంగానే భయమేసింది. అయినా ఆ నోరు ఊరుకుంటుందా?

“అదేనండి నా పనితనం! పెట్టె విప్పకుండానే బాగుసేసేను!”

వరదానం గారు ఆఖరి గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టారు.

“మంచిది. పెట్టె విప్పకుండా బాగుచేసేవాడివి, గదిలోకి రావడం మాత్రం దేనికి? నీ షాపులోంచే కానిచ్చెయ్. ఆ ఉద్యోగం, పాపం, లోపలికొచ్చి చేసేవాడెవడికైనా ఇస్తాం.”