మరగబెట్టిన నీళ్ళు

ఆ స్టూలు నాకొద్దులెండి ఇస్సాక్ అన్నయ్యా! పోయినసారి దానిమీద కూర్చుంటే మీ బ్యాటరీ యాసిడ్‌కి నా చీర జల్లెడైంది. నిలబడే చెప్తాను. అసలు మీరు మా గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయిందో తెలుసా? పదహారు రోజులు. లెక్కపెట్టింది నేను కాదండోయ్, మీ స్నేహితుడే!

మావారి సంగతి మీకు కొత్తా? ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ముప్పై ఏళ్ళు చేసి, రాష్ట్రమంతటికీ తనొక్కడే కరెంటు పంపినట్టు చెప్పుకుంటారు. మరి పటమటలో మా వీధికి పంపడం మర్చిపోయారు కాబోలు! అందుకేగా మీరు పాత లారీ బ్యాటరీలు రెండు బాగుచేసి మా ఇన్వర్టర్‌కి పెట్టింది. "రెండేళ్ళు నాదీ పూచీ" అన్నారు. ఎండాకాలమంతా ఫ్యాను తిరిగింది, కాదనను. కరెంటు పోతే చాలు, ఆయన వీధిలోవాళ్ళని పిలిచి మరీ దానికింద కూర్చోబెట్టేవారు.

దసరాకల్లా రెండూ చతికిలబడ్డాయి. ఇంక ఆయన వీరంగం చూడాలి! మీరొచ్చి మూతలు తీసి చూస్తుంటే, పక్కింటి సంపూర్ణమ్మగారి ఎదుటే, "పాతికేళ్ళ స్నేహితుడికి చచ్చిన సరుకు అంటగడతావా?" అనేశారు. మీరేమో, "నాదే పొరపాటు, తిరుపతిరావ్" అని తలొంచుకుని వెళ్ళిపోయారు.

తప్పు మీది కాకపోయినా మీరెందుకన్నారలా? మీకు తెలుసు కదూ?

నవ్వకండి, చెప్తున్నాగా! బ్యాటరీ నీళ్ళే, అదే ఆ డిస్టిల్డ్ వాటరే పొయ్యమన్నారు మీరు. క్యాను అయిపోయింది. బెంజ్ సర్కిల్ నుంచి తెండి మహాప్రభో అంటే, ఈయన రేపు, ఎల్లుండి. ఆ నీళ్ళేమైనా ఆకాశంలోంచి ఊడిపడ్డాయా అనుకున్నాను. మన కుళాయి నీళ్ళే మరగబెట్టి, చల్లార్చి, పల్చటి గుడ్డలో వడగట్టి పోశాను. నాలుగు నెలలు! పసిపిల్లలకి పట్టే నీళ్ళు బ్యాటరీకి పడవని నేను కలగన్నానా? పైగా ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నానో అని మురిసిపోయాను కూడానూ.

ఆ రోజు మీరు టార్చి వేసి లోపల ప్లేట్లకి పట్టిన తెల్లటి పొర చూశారు. తర్వాత నా మొహంలోకి చూశారు. నా నీళ్ళ నిర్వాకమేనని అప్పుడే నాకర్థమైంది, మీరేమో మూతలు బిగించేశారు. నిజం చెబితే ఆయన నన్ను నలుగురిలో కడిగేస్తారని, నా తప్పు మీ నెత్తినేసుకున్నారు. నేనేమో అక్కడే నిలబడి నోరు విప్పలేదు. సిగ్గుగా ఉందన్నయ్యా.

రేపు సాయంత్రం రండి. మీ ముందే ఆయనకి చెప్పేస్తాను. అరిస్తే అరవనివ్వండి. బ్యాటరీల మాట తర్వాత, చీకట్లో కూర్చోవడం మాకేం కొత్త కాదు.

రోజూ ఐదింటికి రెండు గ్లాసుల టీ పెట్టమంటున్నారు ఆ మనిషి. ఒకటి తాగి, గేటు వంక చూస్తూ కూర్చుంటారు. రెండోది చల్లారిపోయాక, "నువ్వు తాగెయ్ తులసీ" అంటారు.

పదహారు రోజులుగా ఆ చల్లటి టీ నేనే తాగుతున్నాను. నా వల్ల కాదన్నయ్యా.