ఎవరిదీ కాని గుండీ

ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరూ హెచ్చవేత మాస్టారనే అంటారు. పిల్లలు లెక్కలు ఎలా నేర్చుకుంటారో, ఎక్కడ తికమకపడతారో కనిపెట్టే పరిశోధన కేంద్రంలో ఆయన ఉద్యోగం. పేరు మాత్రం ఉద్యోగాన్ని బట్టి రాలేదు, నోటిని బట్టి వచ్చింది. జరిగింది ఒకటైతే ఆయన నోట్లో పడి పదవుతుంది, పదైతే నూరవుతుంది. అలాగని అందరు కోతలరాయుళ్ళలా తన గొప్పలు చెప్పుకోరు. తన తెలివితక్కువతనం గురించే కోస్తారు. చిన్నాచితకా మూర్ఖుడిగా మిగిలిపోవడం ఆయనకి నామోషీ. మూర్ఖుడంటూ అయితే లోకంలో మొదటివాడు కావాలి.

ఆ సాయంత్రం కేంద్రం నుంచి బయటపడి, రోజూలాగే ఎదురుగా ఉన్న టీ కొట్టుకి వచ్చారు. అప్పటికే బెంచీ మీద పక్క సందులో బట్టలు కుట్టే దర్జీ, కుళాయిలు బాగుచేసే మాస్టారి బావమరిది కూర్చుని ఉన్నారు. పొయ్యి దగ్గర కొట్టాయన పాలు కలియబెడుతున్నాడు. బెంచీ చివర ఒకావిడ, భుజాన సంచీతో, ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది. చేతిలో టీ చల్లారిపోతున్నా తాగకుండా కేంద్రం గేటువైపే చూస్తోంది. మాస్టారు రాగానే చూపు ఆయన మీదికి తిప్పింది. మాస్టారు గమనించారు. కొత్త చెవులు దొరికితే ఆయనకి ఎక్కడలేని ఊపూ వస్తుంది.

"నిన్న నేనొక ఐదేళ్ళ పిల్ల చేతిలో ఓడిపోయాను," అని మొదలుపెట్టారు.

"నిన్న ఒక్కరోజేనా బావా?" అన్నాడు బావమరిది.

"వినవోయ్. నా పని మీకు తెలిసిందే కదా, బల్ల మీద గుండీలు రెండు వరసలు పేరుస్తాను, ఈయన కొట్లో మిగిలినవే ఆ గుండీలు," దర్జీ అవునన్నట్టు తలూపాడు, "ఏ వరసలో ఎక్కువున్నాయమ్మా అని అడుగుతాను, రెండూ సమానమే అంటుంది పిల్ల, బాగుంది, అప్పుడు నేనేం చేస్తాను, పిల్ల కళ్ళముందే ఒక వరసని ఎడమెడంగా జరుపుతాను, జరిపి మళ్ళీ అదే ప్రశ్న అడుగుతాను, పిల్ల పొడుగు వరస చూపించి ఇదే ఎక్కువంటుంది, నేను సంబరంగా రాసుకుంటాను, ఈ వయసు పిల్లలకి పొడుగు వేరు, సంఖ్య వేరు అని తెలియదు అని. ఇరవయ్యేళ్ళుగా ఇదే రాసుకుంటున్నాను, దీని మీదే బతుకుతున్నాను. అలాంటిది నిన్నటి పిల్ల రెండోసారి అడిగితే ఏం చేసిందో తెలుసా? జవాబు చెప్పకుండా నా మొహంలోకి జాలిగా చూసి, 'ఇందాకే కదా చెప్పాను, మర్చిపోయావా' అంది."

కొట్టాయన గరిటె ఆపి నవ్వాడు. అక్కడితో ఆగితే అది బహుశా నమ్మదగ్గ కథే. కానీ నవ్వు వినపడ్డాక మాస్టారు ఆగడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? 'నీకు రాదని సిగ్గుపడకు, నేను నేర్పిస్తా' అని తన బుల్లి కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది. జానెడు కుర్చీ, నా నడుం చూస్తున్నారుగా, దిగబడ్డాను గాని ఇక లేవలేను. ఒకటీ రెండూ మూడూ అని చెప్పించింది. ఏడు దాకా బాగానే లాక్కొచ్చాను, ఏడు తర్వాత ఏదో తట్టలేదు."

"ఏడు తర్వాత ఎనిమిదే కదా మాస్టారూ," అన్నాడు దర్జీ.

"అది తెలుసు కాబట్టే నువ్వు దర్జీవయ్యావు. నేను పరిశోధకుణ్ణి." ఆయన ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టారు. "ఇంతలో మా డైరెక్టరుగారు తలుపు తోసుకొచ్చారు, ఏమిటీ గోల అని గద్దించబోయారు, పిల్ల ఆయన్నీ ఒక కుర్చీలో కుదేసింది. పెద్ద చదువులు చదివిన మనిషి కదా, నాకంటే అన్యాయం, నాలుగు దగ్గరే నీళ్ళు నమిలారు. మధ్యాహ్నానికల్లా మా కేంద్రంలో ఉన్నవాళ్ళంతా, పై అంతస్తు వాళ్ళతో సహా, బుల్లి కుర్చీల్లోనే. ఒక్క పిల్లకి మమ్మల్ని దిద్దడం తలకు మించిన పనైపోయి, తన తరగతిలో పిల్లలందర్నీ పిలిపించింది. మనిషికి ఇద్దరేసి పంతుళ్ళు. తెలివైన వాళ్ళం అనుకున్నవాళ్ళకి ముగ్గురు. పొద్దుగూకాక ఇళ్ళకి పొమ్మన్నారు, లేచాం, మాతోపాటు కుర్చీలూ లేచాయి. అలా వెనక కుర్చీలతోనే బస్సెక్కాం. ఎవరూ లేచి సీటివ్వాల్సిన అవసరం లేకపోయింది."

"మరి మా అక్క ఏమంది?" అన్నాడు బావమరిది.

"గుమ్మంలోనే నిలబెట్టి, 'ఇంట్లో ఉన్న సామాను చాలదనా' అంది."

బావమరిదికి పొలమారింది. వాళ్ళ అక్క నిజంగా అనేలాంటి మాటే అది, అందులో అబద్ధం ఏమీ లేదు. బెంచీ చివర ఆవిడ మాత్రం నవ్వలేదు. మాస్టారు ఓరకంట చూసి, ఈవిడ గట్టిగింజలా ఉంది, ఇంకాస్త నానబెట్టాలి అనుకున్నారు.

"ఆ పిల్లలు ఊరుకున్నారా? 'పెద్దవాళ్ళకి లెక్కలు ఎందుకు రావు' అని మా మీద పరిశోధన చేశారు. ఏడు దేశాల వాళ్ళు సభ పెట్టి వాళ్ళని రమ్మన్నారు. వేదిక మీద పండితులందరూ ఆరేళ్ళలోపు వాళ్ళే, నోట్లో పాలపీకలు, తీస్తే గాని ఉపన్యాసం లేదు. మధ్యలో ఒక గాజుపెట్టె, అందులో నేను. నా ముందు రెండు వరసలు పేర్చారు, సమానం అన్నాను. ఒక వరస జరిపి మళ్ళీ అడిగారు. చెమటలు పట్టాయి. మొదట చెప్పింది తప్పేమో, కాకపోతే మళ్ళీ ఎందుకడుగుతారు అనిపించి చటుక్కున మాట మార్చేశాను. చప్పట్లే చప్పట్లు. నా అంత వెనకబడ్డ విద్యార్థి భూమ్మీద లేడని తీర్మానం చేశారు."

"ఇదంతా నిన్న జరిగిందన్నారు కదా మాస్టారూ," అన్నాడు కొట్టాయన.

"నిన్న చాలా పెద్ద రోజు. ఇంకా అయిపోలేదు, విను. నా గౌరవార్థం ఏడాదిపాటు ఎవ్వరూ ఎనిమిదిని వాడకూడదని ఏడు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. గడియారాలు ఏడు నుంచి తొమ్మిదికి దూకాయి, అందుకే నేను పనికి ఆలస్యంగా వెళ్తున్నాను, డైరెక్టరుగారికి చెబితే నమ్మరు. అంతెందుకు, సాలీళ్ళు కూడా ఒక కాలు పైకి ముడుచుకుని కుంటుకుంటూ నడిచాయి. మా స్నానాల గదిలో నా కళ్ళతో నేను చూశాను."

దర్జీ కళ్ళు తుడుచుకున్నాడు. కొట్టాయన పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఇక మాస్టారు సాలీళ్ళని వదిలి చుక్కల మీదికి ఎక్కబోతుండగా, బెంచీ చివర ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"ఆ పిల్ల మా అమ్మాయే," అంది.

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"నిన్న నేను అద్దం వెనక గదిలో కూర్చున్నాను. మీకు నేను కనబడను, నాకు మీరు కనబడతారు. మా అమ్మాయి మర్చిపోయావా అనలేదండీ. మీరు రెండోసారి అడగ్గానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బల్ల అంచున ఉన్న గుండీలన్నీ తోసేసి బల్లకింద దూరింది. దాని వెనకే మీరూ దూరారు. ఆ తర్వాత చాలాసేపు నాకు మీ చెప్పులు తప్ప ఏమీ కనబడలేదు."

మాస్టారు అప్రయత్నంగా తన కాళ్ళని బెంచీ కిందికి లాక్కున్నారు. మామూలుగా అయితే ఈపాటికి బావమరిది ఏదో ఒకటి అనాలి. వాడు పనిముట్ల సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"బడిలో దీనికి సంఖ్యంటే ఏమిటో తెలియట్లేదంటున్నారు," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "మళ్ళీ ఇదే తరగతిలో ఇంకో ఏడాది కూర్చోబెడతారట. మీరేమంటారో కనుక్కుని రేపు రమ్మన్నారు. గేటు దగ్గర అడిగితే సాయంత్రం మీరు ఇక్కడికే వస్తారన్నారు. వచ్చి సాలీళ్ళ సంగతి విన్నాను. నాకు కావలసింది అది కాదండీ. బల్లకింద ఏం జరిగింది? ఎన్నిసార్లు అడిగినా అది నవ్వుతుందే గాని చెప్పదు."

తన మీద తాను ఎంత దుమ్మెత్తి పోసుకున్నా మాస్టారికి ఏనాడూ నొప్పి తెలియలేదు. ఎందుకంటే అది ఆయన మీద కాదు, ఆ గాజుపెట్టెలో మనిషి మీద పడేది. ఇప్పుడు ఏడు దేశాలూ పోయి, ఎదురుగా ఒక పిల్ల తల్లి మిగిలింది. నిన్న జరిగింది చెప్పాలంటే అందులో పట్టుకోడానికి ఏమీ లేదు, అంత చిన్నది. అందుకే ఆ ముక్క వదిలేసి మిగతాదంతా పెంచుకుంటూ పోయారు.

"పెద్దగా ఏం జరగలేదమ్మా," అన్నారు. "రాలిపోయిన గుండీలు ఇద్దరం ఏరాం, ఒకటి మాత్రం ఎక్కడికి దొర్లిందో దొరకలేదు. పంచుకుందామంది. నీకొకటి, నాకొకటి అనుకుంటూ పంచింది. నావి కుప్పగా పోసింది, తనవి గచ్చు మీద బారుగా పరుచుకుంది. చివరికొక గుండీ మిగిలింది. అది నాకిచ్చింది. ఇచ్చాక చూసుకుని, 'ఇప్పుడు నీకు ఎక్కువైంది' అని వెనక్కి తీసుకుంది. తీసుకున్నాక, 'ఇప్పుడు నాకు ఎక్కువైంది' అంది. మళ్ళీ నాకిచ్చింది. అలా ఆ గుండీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. నేనేం అడగలేదు, ఊరికే చేయి చాచుకుని కూర్చున్నాను. ఆఖరికి దాన్ని ఇద్దరి మధ్యన పెట్టి, 'ఇది ఎవరిదీ కాదు' అంది. అప్పుడు నవ్వింది. నాకూ నవ్వొచ్చింది."

"తనవి బారుగా పరుచుకుందన్నారు కదా."

"అవునమ్మా. నా కుప్ప ఇంతే, తన వరస అంత పొడుగు. అయినా సమానమేనని దానికి తెలుసు. పైన బల్ల మీద కూడా తెలిసే ఉంటుంది. మళ్ళీ అడిగేసరికి బెదిరిపోయింది."

ఆవిడ సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"అంతేనా బావా?" అన్నాడు బావమరిది మెల్లిగా.

"అంతే."

"అయితే రేపు బడికొచ్చి ఇదే చెప్పండి," అంది ఆవిడ. "గుండీ దాకానే చెప్పాలి. ఆ పైన ఒక్క ముక్క కూడా వద్దు. మీరు ఇంకొకటి కలిపితే ఉన్నది కూడా నమ్మరు."

"కలపను," అన్నారు మాస్టారు.

"మాస్టారు ఆగడం కూడా జరిగే పనేనా," అన్నాడు దర్జీ.

"నేను పక్కనే కూర్చుంటాను," అంది ఆవిడ.

మర్నాడు బడిలో పెద్ద టీచరుగారి గదిలో మాస్టారు ఆ మాటలే చెప్పారు. గుండీ దగ్గరికి వచ్చి ఆగారు. పెద్ద టీచరుగారు కళ్ళజోడు పైనుంచి చూసి, "తర్వాత?" అన్నారు. ఆ ఒక్క మాటకి మాస్టారి నాలుక తీటపెట్టింది. ఆయన బుర్రలో డైరెక్టరుగారు తలుపు తోసుకుని రావడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారు, వెనక ఏడు దేశాల వాళ్ళూ బారులు తీరారు. మాస్టారు రెండు చేతులతో బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. "తర్వాత ఏం లేదండి," అన్నారు. పక్కనుంచి పిల్ల తల్లి ఊపిరి వదలడం వినిపించింది.

పెద్ద టీచరుగారికి నమ్మకం కుదిరినట్టు లేదు. పిల్లని పిలిపించి, డబ్బాలో పెన్సిళ్ళు బల్ల మీద బోర్లించి, మనిద్దరికీ పంచమ్మా అన్నారు. పిల్ల మాస్టారిని చూసి కాస్త నవ్వి, ఒక్కొక్కటీ పంచింది. ఒకటి మిగిలింది. దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, రెండు కుప్పల మధ్యా అడ్డంగా పెట్టింది.

"సరిగ్గా పంచావా?" అనడానికి పెద్ద టీచరుగారు నోరు తెరిచారు. సగంలోనే మాస్టారు వంగి, గొంతు తగ్గించి, "మళ్ళీ అడక్కండి, దయచేసి," అన్నారు. ఆయన బతుకులో ఇంకొకరి ప్రశ్నని ఆపడం అదే మొదలు. పెద్ద టీచరుగారు నోరు మూసుకుని పెన్సిళ్ళకేసి చూశారు. చాలాసేపు చూశారు. పిల్ల ఏడవలేదు, బల్లకింద దూరలేదు, అక్కడే నిలబడి జడ కొస నములుతోంది.

"మనిద్దరిదీ కానప్పుడు ఇది డబ్బాలో వేసేయనా?" అన్నారు పెద్ద టీచరుగారు చివరికి.

"వెయ్యి," అంది పిల్ల.

సాయంత్రం కొట్టు దగ్గర ముగ్గురూ కాచుకుని ఉన్నారు. దర్జీ కొట్టు పెందలాడే మూసేసి వచ్చాడు. బావమరిది పనిముట్ల సంచీ కూడా దించకుండా నిలబడ్డాడు. మాస్టారు వచ్చి కూర్చుని టీ అందుకున్నారు.

"ఏమైంది?" అన్నాడు కొట్టాయన.

"పై తరగతికి పంపిస్తామన్నారు."

ముగ్గురూ ఎదురుచూశారు. మాస్టారు టీ ఊదుకుంటూ తాగుతున్నారు. వీధిలో ఒక బస్సు వచ్చింది, ఆగింది, పోయింది.

"ఆ తర్వాత?" అన్నాడు బావమరిది.

"అంతే."

ఇంకాసేపు చూశారు. ఆయన గ్లాసు ఖాళీ చేసి, ఎదురుగా ఉన్న కేంద్రం కిటికీలకేసి చూస్తూ కూర్చున్నారు. బావమరిది దర్జీ మొహం చూశాడు, దర్జీ కొట్టాయన మొహం చూశాడు.

"మాస్టారికి ఒంట్లో బాలేనట్టుంది," అన్నాడు దర్జీ. "ఇంకో టీ ఇవ్వండి. పంచదార కాస్త ఎక్కువెయ్యండి."